కూసే పెట్టె

“ఇది కూస్తాండాదంట అప్పా,” అంటూ మాదప్ప రేకు జామెట్రీ బాక్సును టీ అంగడి బల్ల మీద పెట్టాడు.

శశికుమార్ టీ గ్లాసు దించాడు. తాను చేసిన పెట్టెను ఒకరు వెనక్కి తేవడం అదే మొదటిసారి.

చూడడానికి పిల్లలు బడికి పట్టుకెళ్ళే జామెట్రీ బాక్సే. కాకపోతే ఒక అంచున చిన్న నాబ్, హెడ్‌ఫోన్ దూర్చే రంధ్రం, ఒక ఎర్ర లైటు ఉంటాయి. లోపల అరచేతిలో సగం ఉండే బోర్డు. ఫోన్లోంచి వచ్చే పాటకు బలం ఇచ్చి హెడ్‌ఫోన్‌కు అందించే యాంప్లిఫయర్ అది. విడిభాగాల కిట్టు బెంగుళూరు నుంచి తెప్పించి, మత్తిగిరిలోని తన రెండు గదుల ఇంట్లో ఆదివారాలు కూర్చుని శశి వాటికి టంకం పెడతాడు. కిట్టుతో వచ్చిన కాగితంలో ఉన్నట్టు మాత్రం ఎప్పుడూ చేయడు. ఒక చిప్ పీకి ఇంకోటి వేస్తాడు. ఒక రెసిస్టర్ మారుస్తాడు. ప్రతి మార్పు తర్వాత కళ్ళు మూసుకుని వింటాడు. మీటర్లూ గీటర్లూ లేవు. అతని మీటరు అతని చెవే.

“కూస్తాండాదని ఎవురు చెప్పినారు?”

“నాకు వినపడితే కదా! నా చెవులు ఎప్పుడో ఆ రేకులు గుద్దే ప్రెస్ షాపుకు రాసిచ్చేసినాను. శక్తి చెప్పింది. పాట ఆపినా సన్నగా కూత పెడతాండాదంట. చెవిలో దోమ దూరినట్ల.”

శక్తి మాదప్ప కూతురు. ఈ ఇద్దరు స్నేహితులూ పనిచేసే ఫ్యాక్టరీలోనే, శశి దగ్గరే పని నేర్చుకుంటోంది. పెట్టె ఆమె కోసమే చేశాడు. మాటిమాటికీ బ్యాటరీ కొనే బాధ లేకుండా చార్జింగ్ సెల్లు పెట్టి, దాని వోల్టేజిని పెంచే చిన్న బోర్డు కూడా అతికించాడు. అది అతని సొంత మార్పు.

శశి హెడ్‌ఫోన్ తగిలించుకుని స్విచ్ వేశాడు. లైటు వెలిగింది. కళ్ళు మూసుకున్నాడు.

శుభ్రమైన నిశ్శబ్దం.

“ఏమీ లేదు మాదప్పా. నీ కూతురివి కుక్క చెవులు.”

“ఆ మాట దానితో అను. నిన్ను కరుస్తాది.”

ఇద్దరూ నవ్వారు. శశి పెట్టెను సంచిలో వేసుకున్నాడు.

సాయంత్రం ఇంట్లో దాన్ని మళ్ళీ విన్నాడు. మళ్ళీ నిశ్శబ్దమే. భార్య ఉదయశ్రీ గులాబీల ప్యాకింగ్ షెడ్డు నుంచి అప్పుడే వచ్చి, వేళ్ళకు గుచ్చుకున్న ముళ్ళను పిన్నీసుతో తీసుకుంటోంది. ఊరికే సరదాకు హెడ్‌ఫోన్ ఆమె తలకు పెట్టాడు.

ఆమె ఒక్క ఉదుటున దాన్ని ఊడబెరికింది.

“అయ్యో! ఏంది ఆ కూత? ప్రాణం పోయింది.”

“ఆడుకోవద్దు ఉదయా.”

“నేను ఆడుకునేదేంది? ఈల వేస్తాండాది కదా! నీకు వినపడలేదా?”

శశి జేబులోంచి ఫోన్ తీశాడు.

అందులో ఒక యాప్ ఉంది. సన్నటి స్వరం ఒకటి మొదలై పైకి, ఇంకా పైకి పోతుంది. ఫోన్‌ను ఇద్దరి మధ్య పెట్టాడు. వినపడుతున్నంతసేపూ చెయ్యి ఎత్తి ఉంచుదాం అన్నాడు. ఇద్దరూ బడి పిల్లల్లా చేతులు ఎత్తారు. స్వరం పైకి పోతోంది.

శశి చెయ్యి దిగింది.

ఉదయశ్రీ చెయ్యి ఇంకా పైనే ఉంది. ఆమె నవ్వుతూనే అతని ముఖం చూసింది. నవ్వు ఆగిపోయింది. చెయ్యి మాత్రం దించలేదు. వినపడుతోంది మరి.

*

శశి ఉద్యోగమే వినడం.

హోసూరులో షేర్ ఆటోలకు గేరుబాక్సులు చేసే ఫ్యాక్టరీ అది. లైను చివర ఒక గాజు గది. లోపల ఒక కుర్చీ, ఒక బల్ల. గేరుబాక్సు వచ్చి రిగ్గు అనే పరీక్ష చట్రం మీద కూర్చుంటుంది. మోటారు దాన్ని తిప్పుతుంది. దాని పొట్టకు అంటించిన మైకు ఆ చప్పుడును కుర్చీలో ఉన్న మనిషి చెవుల్లోకి పంపుతుంది. బాగుంటే పచ్చ బటన్, లేకుంటే ఎర్ర బటన్. కంప్యూటరు లేక కాదు. అది ల్యాబులో ఉంది. అనుమానం వచ్చినవే అక్కడికి పోతాయి. ఆ అనుమానం రావలసింది చెవికి.

ఫ్యాక్టరీలో అతన్ని ‘చెవి శశి’ అంటారు. అంత మంచి చెవి ఈ చుట్టుపక్కల లేదని సూపర్‌వైజర్ కేశవప్ప వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు.

చెడిన బేరింగు సన్నగా కూస్తుంది. ఆ కూత ఎంత ఎత్తున ఉంటుందో శశికి నిద్రలో లేపి అడిగినా తెలుసు. ఆ సాయంత్రం తన చెయ్యి దిగిన చోటికి కాస్త పైన.

గాజు గదికి రెండు నియమాలు ఉన్నాయి. రెండూ శశి పెట్టినవే.

మొదటిది, బల్ల మీది నాబ్‌ను ముట్టకూడదు. దాని పక్కన ఉదయశ్రీ గోళ్ళరంగు తెచ్చి శశి గీసిన ఎర్ర గీత ఉంటుంది. నాబ్ ఎప్పుడూ ఆ గీత మీదే ఉండాలి. ఒకరు ఎక్కువ పెట్టుకుని, ఇంకొకరు తక్కువ పెట్టుకుని వింటే ఈ పూట మంచిది రేపటికి చెడ్డదవుతుంది. శక్తి చేరిన రోజే చెప్పాడు: “చెయ్యి తెగిపడినా సరే, దీన్ని మాత్రం ముట్టొద్దు.”

రెండోది, కుర్చీ ఖాళీ ఉండకూడదు. లైను ఆగదు. అందుకని లేచే మనిషి హెడ్‌ఫోన్‌ను బల్ల మీద పెట్టడు. తన తల మీంచి తీసి నేరుగా వచ్చినవాళ్ళ తల మీద పెడతాడు. “కిరీటం మార్చినట్ల చేస్తారే,” అని మాదప్ప ఎగతాళి చేసేవాడు.

మర్నాడు టీ వేళకు శక్తి వచ్చింది. శశి ఒక గేరుబాక్సుకు పచ్చ బటన్ నొక్కి, హెడ్‌ఫోన్ ఆమె తలకు పెట్టి లేచాడు. అది ఇంకా తిరుగుతూనే ఉంది.

“మామా.”

శశి తలుపు దగ్గర ఆగాడు.

“దీంట్లో కూత ఉండాది. నువ్వు పచ్చ నొక్కినావు.”

ఒక్క క్షణం. ఆ ఒక్క క్షణంలో నిజం చెప్పి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది.

శశి నవ్వాడు. “నువ్వు పట్టుకుంటావా లేదా అని చూసినాను.”

శక్తి ముఖం వెలిగింది. “నన్ను పరీక్ష చేస్తావా? ఈ శక్తి దగ్గరా!” అంటూ ఎర్ర బటన్ నొక్కింది. ల్యాబు వాళ్ళు విప్పి చూస్తే బేరింగులో ఒక గుండు చిట్లి ఉంది. అది బండిలోకి ఎక్కి, కృష్ణగిరి రోడ్డు మీద పట్టేసి ఉంటే వెనక చక్రం బిగుసుకుపోయేది. ఆటో నిండా మనుషులు ఉండేవాళ్ళు.

శశి టీ తాగలేదు. గ్లాసు చేతిలోనే చల్లారిపోయింది.

చెప్పేస్తే ఏమవుతుందో అతనికి తెలుసు. చెవులు పోయినవాళ్ళను ప్రెస్ షాపుకు పంపడం అక్కడ అలవాటు. రేకును గుద్దే యంత్రాలు పగలంతా ఉరుముతుంటాయి. ఇంకా పోవడానికి ఏముంది అన్నట్టు పంపుతారు. మాదప్ప ఉండేది అక్కడే. మాదప్పతో మాట్లాడాలంటే ఎదురుగా నిలబడి గట్టిగా మాట్లాడాలి. నోటిని చూసి సగం, చెవితో సగం అర్థం చేసుకుంటాడు.

చెవి శశి ప్రెస్ షాపుకు పోవడమా?

దారి ఒకటి ఉంది. అది అతని చేతిలోనే ఉంది. టంకం కడ్డీ వేడి చేశాడు.

*

అలమరలో ఇంకో కిట్టు మిగిలి ఉంది. దాన్ని శశి తన కోసం కట్టాడు.

మామూలు యాంప్లిఫయర్ అన్ని స్వరాలనూ ఒకేలా పెంచుతుంది. అతనికి అది వద్దు. తనకు పోయిన స్వరాలే పెరగాలి. ఒక రెసిస్టర్‌కు పక్కన చిన్న కెపాసిటర్ కలిపితే కింది స్వరాలు ఉన్నచోటే ఉండి, పై స్వరాలు లేస్తాయి. చెడిన బేరింగు చప్పుడు ఫోన్లో రికార్డు చేసుకుని తెచ్చాడు. ఒక కెపాసిటర్ వేసి విన్నాడు. లేదు. దాన్ని పీకి ఇంకోటి వేశాడు. లేదు. ఇంకోటి.

వచ్చింది.

సన్నగా, దూరంగా, పాత స్నేహితుడి పిలుపులా ఆ కూత వచ్చింది. శశికి కళ్ళు చెమర్చాయి. ఉదయశ్రీని పిలిచి వినిపించబోయాడు. ఆమె హెడ్‌ఫోన్ చెవి దాకా తెచ్చుకోకుండానే దూరంగా పెట్టేసింది.

“ఇది మనుషులు వినేది కాదయ్యా.”

“నీకు కాదులే. నాకు.”

“నీకు తగ్గట్టు చేసుకుంటివి సరే. పొరపాటున ఇంకొకరు పెట్టుకుంటే?”

“ఎవురు పెట్టుకుంటారు? నేను లేచేటప్పుడు పీకేస్తాను.”

పాత స్పీకర్ అయస్కాంతాలు రెండు జామెట్రీ బాక్సుకు అతికించాడు. గాజు గదిలో బల్ల కింద ఇనుప చట్రానికి అది టక్కున పట్టుకుంది. బల్ల మీది నాబ్ ఎర్ర గీత మీదే ఉంది. వైరు మాత్రం కింద అతని పెట్టెలోంచి తిరిగి హెడ్‌ఫోన్‌కు వస్తోంది. పైనుంచి చూసేవాళ్ళకు ఏమీ తెలియదు.

మొదటి రోజే ఒక చెడ్డ బేరింగును పట్టాడు. ఆ వెంటనే ఇంకోటి. కేశవప్ప గాజు మీద తట్టి బొటనవేలు చూపించాడు. శశి ఆ రోజు ఇంటికి స్వీట్లు పట్టుకెళ్ళాడు.

శక్తి వచ్చే వేళకు బల్ల కింద చెయ్యి పెట్టి వైరును పెట్టెలోంచి పీకి మామూలు చోట గుచ్చేసేవాడు. ఊపిరి తీసి వదిలేంత పని. ఆ తర్వాతే కిరీటం ఆమె తలకు పోయేది.

కొన్ని వారాలు బాగానే గడిచాయి. తర్వాత కూత మళ్ళీ దూరం జరిగింది. పెట్టె పాడైందనుకుని విప్పాడు. టంకం బాగుంది. సెల్లు నిండుగా ఉంది. పెట్టెకు ఏమీ కాలేదు. రెసిస్టర్ మార్చి బలం పెంచాడు. కూత దగ్గరికి వచ్చింది. ఇంకొన్నాళ్ళకు మళ్ళీ జరిగింది. మళ్ళీ పెంచాడు.

తాను వెంటాడుతున్నకొద్దీ అది ఎందుకు పారిపోతోందో అతనికి తెలియక కాదు. చెవిలో మిగిలినదాన్ని ఆ పెట్టే తింటోంది. సాయంత్రాలు తల లోపల ఎవరో ఇనుము రాస్తున్నట్టు ఉండేది. ఉదయశ్రీ వెనకనుంచి పిలిస్తే పలికేవాడు కాదు.

“చెప్పేసెయ్,” అంది ఆమె ఒకరోజు టీవీ సౌండు తగ్గించి. “ప్రెస్ షాపయితే ఏం? మాదప్పన్న బతకడం లేదా?”

“ఏమంటివి?”

ఆమె మళ్ళీ చెప్పలేదు.

*

ఆ రోజు కేశవప్ప గాజు మీద తట్టలేదు. తలుపు తీసుకుని లోపలికే వచ్చి, కుర్చీ పక్కన నిలబడ్డాడు. చేతిలో ఏదో కాగితం. వెనకాలే శక్తి.

“లెయ్ శశీ. కృష్ణగిరిలో చెవుల పరీక్ష. నీ పేరు కూడా ఉండాది. హెచ్ఆర్ మేడం గేటు దగ్గర కాచుకోని ఉండాది, ఒక సంతకం పెట్టి రా.”

“ఇది అయినాక వస్తాను సార్.”

“అయ్యేదేంది? శక్తి ఉండాది కదా. లెయ్, లెయ్.”

శశి ఎడమ చెయ్యి బల్ల కిందికి పోయింది. వేళ్ళకు వైరు తగిలింది. కేశవప్ప చూపు బల్ల మీదే ఉంది. ఇప్పుడు వంగి పీకితే అతనూ వంగి చూస్తాడు. ఏమి శశీ కింద అంటాడు.

రిగ్గు మీద తిరుగుతున్న గేరుబాక్సు మంచిది. కూత లేదు. ఒక్క సంతకం. పోయి రావడానికి ఎంతసేపు?

శశి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. హెడ్‌ఫోన్ తన తల మీంచి తీసి, తన చేతులతోనే శక్తి తల మీద పెట్టాడు.

గది బయటికి వచ్చి వెనక్కి చూశాడు. శక్తి నుదురు ముడుచుకుని ఉంది. బుస్సుమనే హోరు ఆమెకు వినపడుతూ ఉంటుంది. నాబ్ వైపు చూసింది. గీత మీదే ఉంది. ముట్టకూడదు. గాజులోంచి శశి కోసం చూసింది. శశి పరుగులాంటి నడకతో గేటు వైపు తిరిగాడు.

రిగ్గు మీదికి తర్వాతి గేరుబాక్సు వచ్చింది. దాంట్లో బేరింగు చెడి ఉంది.

శశి కేక వినలేదు. లైను మీద మనుషులు తలలు తిప్పడం చూశాడు. వెనక్కి పరుగెత్తాడు. శక్తి కుర్చీ పక్కన నేల మీద పడి ఉంది. రెండు చేతులూ చెవుల మీద. హెడ్‌ఫోన్ వైరుకు వేలాడుతోంది. పడేటప్పుడు ఆమె చెయ్యి తగిలి బల్ల మీది నాబ్ చివరికంటా తిరిగిపోయింది.

కేశవప్ప మొదట చూసింది ఆ నాబ్‌నే.

“దీన్ని ఎవురు తిప్పమన్నారమ్మా?”

“ముట్టలేదు సార్!” శక్తి అరుస్తోంది. తన గొంతు తనకే వినపడక అరుస్తోంది. “నేను ముట్టలేదు! మామా, చెప్పు మామా!”

కేశవప్ప శశి వైపు తిరిగాడు. “నువ్వు లేచేటప్పుడు ఈ నాబ్ యాడ ఉండె?”

“గీత మీదే ఉండె సార్.”

అది నిజమే. ఆ నిజంతోనే శక్తి దోషి అయిపోయింది. ఆమెను మోసుకుపోయాక, గదిలో ఎవరూ లేనప్పుడు, శశి బల్ల కిందనుంచి పెట్టెను లాగి టిఫిన్ సంచిలో వేసుకున్నాడు.

*

కృష్ణగిరి బస్సులో శశి ముందు సీట్లో కూర్చున్నాడు. వాళ్ళ ఊరు గురుబరపల్లిలో మాదప్ప, శక్తి ఎక్కారు. మాదప్ప వచ్చి పక్కన కూర్చున్నాడు. శక్తి వెనక కిటికీ దగ్గర కూర్చుంది. తలకు శాలువా చుట్టుకుంది.

“నాబ్ తిప్పిందని దాన్ని పనిలోంచి నిలబెట్టినారప్పా,” అన్నాడు మాదప్ప. “ఒట్టు పెట్టి చెప్తాండాది ముట్టలేదని. నేనే రెండు దెబ్బలు వేసినాను. నీ మామ అంత చెప్పినా ఎందుకు ముట్టినావే అని.”

శశి కిటికీ బయటికి చూశాడు. రోడ్డు పక్కన మామిడి తోటలు వెనక్కి పోతున్నాయి.

క్లినిక్కులో ముందు శక్తిని గదిలోకి పంపారు. తర్వాత శశిని. చివరికి ముగ్గురినీ డాక్టరమ్మ తన ముందు కూర్చోబెట్టుకుంది. ఆమె బల్ల మీద శక్తిదీ శశిదీ రెండు పరీక్ష కాగితాలు ఉన్నాయి. వాటి మీద గీతలు ఎడమనుంచి సాఫీగా వచ్చి, ఒకేచోట గోతిలో పడ్డట్టు కిందికి జారిపోయాయి.

“మాటలు వినపడతాయి. పై స్వరాలు పోయాయి, రెండు చెవుల్లోనూ,” అంది ఆమె శక్తితో, నెమ్మదిగా, నోరు బాగా కదుపుతూ. “మందులు రాస్తున్నాను. కొన్ని వారాల్లో కొంత తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. అప్పటికి ఎంత ఉంటే అంతే.”

తర్వాత నొసలు చిట్లించి శశిని అడిగింది. “మీ బల్ల మీది యంత్రం వివరాలు ఫ్యాక్టరీవాళ్ళు పంపారు. దాన్ని చివరికంటా తిప్పినా ఇంత దెబ్బ తగలదే. మధ్యలో ఇంకేమైనా ఉందా?”

 మాదప్ప డాక్టరమ్మ నోటినే చూస్తున్నాడు. సగం చెవితో, సగం కంటితో, మాట మొత్తం అతనికి అందింది. మెల్లగా శశి వైపు తిరిగాడు.

శశి టిఫిన్ సంచిలో ఆ రోజునుంచీ అలాగే ఉన్న జామెట్రీ బాక్సు తీసి బల్ల మీద పెట్టాడు.

అన్నీ చెప్పాడు. కూసే పెట్టె నుంచి మొదలుపెట్టి చివరిదాకా. గట్టిగా, ఎదురుగా నిలబడి, తండ్రికీ కూతురికీ ఇద్దరికీ వినపడేలా చెప్పాల్సి వచ్చింది. మెల్లగా చెప్పుకునే వీలు కూడా లేకపోయింది.

మాదప్ప ఆ పెట్టె అంచున వైరు గుచ్చే రంధ్రం మీద వేలు పెట్టాడు.

“లేచేటప్పుడు ఒక లాగు లాగింటే?”

“కేశవప్ప చూస్తా ఉండె.”

“ఓహో,” అన్నాడు మాదప్ప. “చూస్తా ఉండెనా.”

అంతే. తిరుగు బస్సులో అతను కూతురి పక్కన కూర్చున్నాడు. గురుబరపల్లిలో దిగేటప్పుడు శశి సీటు దాటిపోతూ ఆగలేదు.

శశి నేరుగా ఫ్యాక్టరీకి పోయి కేశవప్పతో కూడా చెప్పాడు. శక్తి మీద పడ్డ మచ్చ తుడిచేశారు. ఆమెకు ప్యాకింగులో పని ఇచ్చారు. గాజు గదికి మాత్రం చెవి కావాలి. ఎక్కడినుంచో ఒక కొత్త మనిషి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. శశిని పని మాన్పించాలా వద్దా అని పైవాళ్ళు కొన్నాళ్ళు ఆలోచించి, చివరికి ప్రెస్ షాపుకు పంపారు. అక్కడ అతని యంత్రం, మాదప్ప యంత్రం పక్కపక్కనే. మాట్లాడుకోవడానికి వీలులేనంత చప్పుడు. ఆ చప్పుడు లేకపోయినా మాటలు ఉండేవి కావు.

*

ఒక ఆదివారం పొద్దున తలుపు కొట్టింది శక్తి. ఉదయశ్రీ తీసింది.

“మామ లేడా అత్తా?”

శశి లోపలినుంచి వచ్చి ఆమెను చూసి అక్కడే నిలబడిపోయాడు.

“నా పెట్టె నీ దగ్గరే ఉండాది కదా,” అంది శక్తి. “ఆ కూసేది. సరిచేసినావా?”

“లేదమ్మా. ముట్టలేదు.”

“ముట్టొద్దు. అట్లే ఉండనీ. డాక్టరమ్మ కొన్ని వారాలు చూడమంది కదా. ఆ కూత వినపడితే చెవి వచ్చేసినట్ల.”

ఆమె వచ్చింది క్షమించడానికి కాదు. తిట్టడానికీ కాదు. శశి అలమరలోంచి పెట్టె తీశాడు. అందులో ఏం చెడిందో అతనికి తెలుసు. వోల్టేజి పెంచే ఆ చిన్న బోర్డు కూస్తుంది. దాని కాళ్ళ దగ్గర ఒక కెపాసిటర్ వేస్తే చాలు, ఆగిపోతుంది. టంకం కడ్డీ వేడెక్కేంతసేపు కూడా పట్టని పని. ఇన్ని రోజులు దాన్ని ఎందుకు వేయలేదో ఇప్పుడు అర్థమైంది. ప్రపంచంలో ఎవరికైనా ఆ కూత అవసరమైతే, అది ఈ అమ్మాయికే.

ఆ ఆదివారం ఆమెకు వినపడలేదు. తర్వాతి ఆదివారం కూడా. “మాదప్పకు తెలుసా నువ్వు వచ్చేది?” అని శశి ఒకసారి అడిగాడు. “తెలుసు. రోడ్డు దాకా వచ్చి బస్సు ఎక్కించినాడు,” అంది. ఒక ఆదివారం “ఏదో తగిలినట్ల ఉండె మామా” అని కళ్ళు పెద్దవి చేసింది. శశి పెట్టె మీదికి వంగాడు. కిటికీ అవతల పశువుల ఫారం దారిలో ఒక బండి హారన్ అది.

డాక్టరమ్మ చెప్పిన గడువు తీరిన ఆదివారం శక్తి మాట్లాడకుండా వచ్చి కూర్చుంది. హెడ్‌ఫోన్ తగిలించుకుంది. కళ్ళు మూసుకుంది. శశి నేర్పిన పద్ధతే: ఊపిరి నిదానం, దవడ వదులు.

చాలాసేపటికి కళ్ళు తెరిచింది.

“ఆన్ చేసినావా మామా?”

శశి వేలితో చూపించాడు. ఎర్ర లైటు వెలుగుతోంది.

శక్తి లైటు వైపు చూసింది. అతని వైపు చూసింది. ముఖంలోకి అనుమానం వచ్చింది. అనుమానంతోపాటు ఆశ కూడా.

“సరిచేసేసినావు కదా? నేను రాకముందు దీన్ని విప్పి సరిచేసేసినావు. నా మీద జాలిపడి. నిజం చెప్పు.”

“ముట్టలేదమ్మా. ఒట్టు.”

“నేను కూడా ఒట్టు పెట్టినాను ఆ పొద్దు. ఎవురు నమ్మినారు?” శక్తి లేచింది. “అత్తా! ఒకసారి ఇట్లా రా.”

ఉదయశ్రీ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. శక్తి హెడ్‌ఫోన్ తన తల మీంచి తీసింది. బల్ల మీద పెట్టలేదు. నేరుగా ఉదయశ్రీ తల మీద పెట్టి, ఆమె ముఖంలోకి చూస్తూ నిలబడింది.

ఉదయశ్రీ కళ్ళు గట్టిగా మూసుకుపోయాయి. పళ్ళు బిగిశాయి. చెయ్యి దానంతట అదే లేచి హెడ్‌ఫోన్‌ను లాగేసింది. వెంటనే సర్దుకుంది.

“ఏమీ లేదమ్మా,” అంది. “ఏం వినపడలేదు. కూతా లేదు, గీతా లేదు.”

శక్తి తల ఊపింది. ఉదయశ్రీ చేతిలోంచి హెడ్‌ఫోన్ తీసుకుని బల్ల మీద పెట్టింది. పెట్టె స్విచ్ ఆపింది. లైటు ఆరిపోయింది. గదిలో అంతకుముందు ఎంత నిశ్శబ్దమో, ఇప్పుడూ శశికి అంతే నిశ్శబ్దం. శక్తికీ అంతే. ఉదయశ్రీ ఒక్కతే, బిగబట్టిన ఊపిరి వదిలింది.

“ఇంక సరిచేసుకో మామా,” అంది శక్తి చెప్పులు వేసుకుంటూ. “ఎవురికైనా పనికొస్తాది.”

ఆమె మెట్లు దిగిపోయింది. శశి టంకం కడ్డీని ప్లగ్గులో గుచ్చి, అది వేడెక్కాక చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చుని, మళ్ళీ తీసేశాడు. సరిచేసినా, కూత ఆగిందో లేదో వినాల్సింది ఎవరు?